పంచరు పదేపదే ఎందుకు పడుతుంది? సైకిలు ట్యూబు మీది ఆనవాళ్లు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ బల్లమీద ఒక టైరు, ఒక ట్యూబు, ఒక రిమ్ము పెట్టాను. ఈ గంటసేపూ వీటి చుట్టూనే తిరుగుదాం. ఎప్పుడో ఒకసారి పడే పంచరు గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. దారి అన్నాక ముల్లుంటుంది, గాజుపెంకుంటుంది, అతుకు వేసుకుని వెళ్లిపోతాం. కానీ అదే చక్రం వారంలో రెండోసారి, మూడోసారి మెత్తబడిందంటే, చిల్లు చేసిన వస్తువు ఇంకా ఆ చక్రంలోనే ఉందని అర్థం. మొదటిసారి మనం చిల్లు మూశాం, చిల్లు చేసినదాన్ని అక్కడే వదిలేశాం. కొత్త ట్యూబు వేసినా దాని గతీ అంతే.

అందుకని ముందే ఒక మాట పట్టుకోండి. చిల్లు ట్యూబు మీద ఎక్కడుందో చూడకుండా అతుకు వేయకండి. బయటి వైపా, లోపలి వైపా, పక్కనా, వాల్వు మొదట్లోనా? ఈ ఒక్క సంగతి తెలిస్తే కారణం ముప్పాతిక వంతు తేలిపోతుంది.

మరి అది తెలియాలంటే ట్యూబును బయటికి లాగేముందే ఒక పని చేయాలి. టైరు పక్కన కంపెనీ పేరు అచ్చువేసి ఉంటుంది కదా, అది వాల్వుకు ఎదురుగా ఉందో లేదో చూడండి. లేకపోతే వాల్వు ఎదురుగా టైరు మీద సుద్దతో గీత పెట్టండి. ట్యూబు మీద కూడా గొలుసు వైపు ఏదో తెలిసేలా పెన్నుతో చిన్న బాణం గుర్తు పెట్టండి. ఈ బాణం చాలామంది పెట్టరు. దాంతో ట్యూబు తిరగబడితే చిల్లు వాల్వుకు కుడివైపు జానెడు దూరంలో ఉందా, ఎడమవైపు జానెడు దూరంలో ఉందా తెలియదు. అలా గుర్తు తప్పినా కంగారు లేదు, వాల్వు నుంచి అంతే దూరంలో రెండు వైపులా టైరును వెతకండి. రెండింట్లో ఒకచోట దొంగ దొరుకుతాడు.

ఇంకో జాగ్రత్త. టైరు మొత్తం ఊడదీయొద్దు. ఒక పక్క అంచు మాత్రమే రిమ్ము మీంచి దాటించి ట్యూబు లాగేయండి. రెండో అంచు రిమ్ములోనే ఉంటే టైరు, రిమ్ము పొందిక చెడదు.

ఇప్పుడు చిల్లు వెతకడం. ట్యూబుకు గాలి కొట్టి మామూలు లావుకు ఒకటిన్నర, రెండింతలు ఉబ్బనివ్వండి. పెద్ద చిల్లయితే బుస్సుమని వినిపిస్తుంది. చిన్నదైతే ట్యూబును పెదవుల దగ్గరగా మెల్లగా జరపండి, చేతి వేళ్లకు తెలియని గాలి పెదవికి తెలుస్తుంది. అప్పటికీ దొరకకపోతే నీళ్ల తొట్టి. నీళ్లలో ముంచినప్పుడు ట్యూబును కొంచెం సాగదీయండి. కొన్ని సన్న చిల్లులు సాగితే తప్ప నోరు తెరవవు. పాత అతుకుల అంచులు తప్పకుండా చూడండి, కొత్త పంచరు అనుకున్నది చాలాసార్లు పాత అతుకు లేచిపోవడమే.

చిల్లు దొరికిందా, తుడిచి ఆరబెట్టి గుర్తు పెట్టండి. చుట్టూ చిన్న సున్నా గీస్తే ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు అదికాస్తా చెరిగిపోతుంది. కూడిక గుర్తులా నిలువు ఒక గీత, అడ్డం ఒక గీత, అతుకు కన్నా పొడుగ్గా గీయండి. మధ్యలో చెరిగినా కొసలు మిగులుతాయి, వాటిని బట్టి చిల్లు ఎక్కడో తెలుస్తుంది.

ఇక ఆనవాళ్లు చదువుదాం.

చిల్లు ట్యూబు బయటి వైపు, అంటే టైరు నేలను తాకే వైపు ఉంటే, గుచ్చుకున్నది దారిలో దొరికిన వస్తువు. అదే చోట రెండోసారి కూడా పడిందంటే ఆ వస్తువు టైరులో ఇంకా ఉంది. పల్లేరు ముల్లు, గాజు ముక్క అయితే కంటికి కనిపిస్తాయి. అసలు సతాయించేది సన్నటి ఉక్కు తీగ. మోటారు వాహనాల టైర్లలో ఉక్కు తీగల అల్లిక ఉంటుంది. ఆ టైర్లు అరిగి, చిరిగి రోడ్డుమీద రాలినప్పుడు కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న తీగముక్కలు దారంతా పడి ఉంటాయి. అది సైకిలు టైరులో నిలువుగా దిగబడుతుంది. బరువు పడి టైరు నొక్కుకున్నప్పుడే దాని కొస లోపలికి పొడుచుకొస్తుంది, చేత్తో పట్టుకుని చూస్తే కనిపించదు. రాత్రి గాలి కొడితే పొద్దుటికి మెత్తబడే చక్రం వెనుక చాలాసార్లు ఇదే ఉంటుంది.

దీన్ని పట్టుకోవాలంటే దూది కావాలి. టైరు లోపల దూది ఉండను మెల్లగా చుట్టూ నడిపించండి. ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ ఆగండి. ఉత్త వేలితో గబగబా రాయకండి, గాజు అయితే వేలు తెగుతుంది. చిల్లు ఎదురుగా ఉన్న చోట టైరును లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి చూడండి. మడిస్తే రబ్బరు విచ్చుకుంటుంది, తీగ కొస బయటపడుతుంది. లోపలి నుంచి సూదితో తోసి, బయటినుంచి పట్టకారుతో లాగండి. గోటితో గిల్లితే కొస విరిగి మొదలు లోపలే ఉండిపోతుంది.

తర్వాత టైరు బయటి వైపు. గాలి లేనప్పుడు టైరును రెండు పక్కలనుంచీ నొక్కితే చిన్న చిన్న గాట్లు నోళ్లు తెరుస్తాయి. వాటిలో ఇరుక్కున్న గాజు రేణువుల్ని మొనదేలని సన్న పుల్లతో తోడేయండి. ఈ రోజు అవి ట్యూబు దాకా రాకపోవచ్చు, చక్రం తిరిగే కొద్దీ రోజుకింత లోపలికి జరుగుతాయి. వానాకాలంలో ఈ పని ఇంకా తరచుగా చేయాలి. తడిసిన టైరుకు ఇసుక, గాజు అంటుకుంటాయి, పైగా తడి రబ్బరును గాజు తేలిగ్గా కోస్తుంది.

చిల్లు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే టైరును వెతకడం దండగ. తప్పు రిమ్ములో ఉంది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఈ రకం పంచరుకు అతుకుమీద అతుకు వేసి, చివరికి ట్యూబు మంచిది కాదని తేల్చేస్తుంటారు.

(రిమ్ము ఎత్తి చూపిస్తూ) ఒకే పొర రేకుతో చేసిన ఒంటి గోడ రిమ్ము అయితే స్పోకు నిప్పిళ్ల, అంటే స్పోకును బిగించే చిన్న నట్ల, తలలు లోపల నేరుగా కనిపిస్తాయి. స్పోకు పొడవు ఎక్కువైనా, బెండు తీసేటప్పుడు ఎక్కువగా బిగించినా, స్పోకు కొస నిప్పిలు దాటి పైకి పొడుచుకొస్తుంది. బెండు తీయించిన కొద్ది రోజులకే పంచర్లు మొదలయ్యాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. నిప్పిలు తలకు సమానంగా అయ్యేదాకా ఆకురాయితో అరగదీయండి. రాలిన పొడి ఒక్క రేణువు కూడా మిగలకుండా దులపండి, తడిగుడ్డతో తుడవండి.

రెండు పొరలున్న జంట గోడ రిమ్ముల్లో స్పోకు కొస ట్యూబును తాకదు. అక్కడ సమస్య వేరు. స్పోకు బిగించడానికి పెట్టిన పెద్ద బెజ్జాలు వరసగా ఉంటాయి. వాటిమీద రిమ్ము టేపు సరిగ్గా లేకపోతే గాలి ఒత్తిడికి ట్యూబు ఆ బెజ్జంలోకి బుడిపెలా దిగి, అంచుకు కోసుకుపోతుంది. సాగే రబ్బరు పట్టీ తక్కువ ఒత్తిడికి చాలుతుంది. ఎక్కువ గాలి పట్టే సన్న టైర్లకు అది చాలదు, కుంగిపోతుంది, పక్కకు జరుగుతుంది. గట్టి నేత టేపు గానీ, మందపాటి ప్లాస్టిక్ టేపు గానీ వేయండి. వెడల్పు రిమ్ము లోపలి వెడల్పు కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉంటే సరిపోతుంది. బెజ్జాలు పూర్తిగా మూసుకోవాలి, అదే సమయంలో టైరు అంచు కూర్చునే గట్టుమీదికి టేపు ఎక్కకూడదు. పాత టేపును వెలుతురులో చూడండి, బెజ్జాల దగ్గర గుంటలు పడి చీలికలు కనిపిస్తే మార్చేయాల్సిందే.

రిమ్ము బెజ్జమే దోషి అని నిర్ధారించుకోవడానికి ఒక కొలత ఉంది. 622 మి.మీ. వ్యాసమున్న రిమ్ముకు 36 స్పోకులుంటే బెజ్జానికీ బెజ్జానికీ మధ్య దూరం సుమారు 54 మి.మీ., 32 స్పోకులుంటే సుమారు 61 మి.మీ. ట్యూబును టైరు చుట్టుకొలతకు సరిపోయేంత మాత్రమే ఉబ్బించి, లోపలి వైపున్న పాత అతుకుల మధ్య దూరం కొలవండి. ఆ దూరాలు ఈ లెక్కకు సమానంగానో, రెట్టింపుగానో కుదిరితే ఇంకేమీ వెతకక్కర్లేదు.

ఇప్పుడు పక్కపక్కన రెండు చిల్లులు. పాము కాటేసిన గుర్తులా ఉంటాయి. ఇందులో ముల్లు లేదు, గాజు లేదు. గాలి తక్కువగా ఉన్న టైరు గుంత అంచుకో, రాయికో కొట్టుకున్నప్పుడు ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగింది. అతుకుతో పాటు గాలి అలవాటు మార్చుకోవాలి. టైరు పక్కన ఎంత గాలి పట్టవచ్చో రాసి ఉంటుంది, ఆ హద్దుల్లోనే ఉండండి. మోటుగా చెప్పాలంటే, గాలి ఒత్తిడిని కొలిచే పీఎస్‌ఐ అంకెల్లో, రెండంగుళాల వెడల్పు టైర్లకు 35 నుంచి 50 పీఎస్‌ఐ, 37 మి.మీ. వాటికి 50 నుంచి 65, 25 మి.మీ. సన్న టైర్లకు 80 నుంచి 100. మనిషి బరువు, సామాను పెరిగితే పై అంకె వైపు వెళ్లండి. వెనక చక్రానికి ముందుదానికన్నా 5 నుంచి 10 ఎక్కువ కొట్టండి, బరువులో ఎక్కువ భాగం మోసేది అదే.

బొటనవేలితో నొక్కి చూసి గట్టిగానే ఉందనుకోవడం నమ్మదగ్గ పరీక్ష కాదు. మందపాటి టైరు 25 పీఎస్‌ఐ దగ్గరే వేలికి గట్టిగా తగులుతుంది. గాలి ఒత్తిడి చూపే మీటరున్న పంపు వాడండి. చిల్లు లేకపోయినా ట్యూబు రబ్బరులోంచి గాలి కొద్దికొద్దిగా ఇంకిపోతూనే ఉంటుంది, కాబట్టి వారానికోసారి, సన్న టైర్లకైతే ఇంకా తరచుగా చూసుకోవాలి.

వాల్వు మొదట్లో చిరిగిందా? ఆ ట్యూబుకు అతుకు నిలవదు, మార్చేయండి. కానీ ఎందుకు చిరిగిందో చూశాకే కొత్తది ఎక్కించండి. గాలి తక్కువైతే బ్రేకు పట్టినప్పుడల్లా టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుతుంది, ట్యూబును తనతో లాక్కుపోతుంది. వాల్వు ఒరిగి కనిపిస్తే జరగడం మొదలైందన్నమాట. గాలి తీసేసి, టైరును వెనక్కి జరిపి, వాల్వును నిటారుగా నిలబెట్టి మళ్లీ గాలి కొట్టండి. రిమ్ములో వాల్వు బెజ్జం అంచు పదునుగా ఉన్నా కోస్తుంది, గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయండి. పాత ట్యూబులోంచి రూపాయి బిళ్లంత ముక్క కోసి, నడుమ బెజ్జం పెట్టి వాల్వుకు తొడిగితే మెత్తలా పనిచేస్తుంది. ప్రెస్టా అనే సన్నటి వాల్వును మోటారు సైకిలు తరహా లావు వాల్వు బెజ్జమున్న రిమ్ములో పెడితే అది అటూ ఇటూ ఆడుతుంది. ప్రెస్టాకు 6 మి.మీ. పైచిలుకు బెజ్జం చాలు, లావు వాల్వుకు 8 మి.మీ. పైన కావాలి. ఆ ఖాళీ నింపే చిన్న బుష్షు వేయాలి. వాల్వు నట్టును వేళ్లతో బిగిస్తే చాలు, పట్టకారుతో కాదు. అదీ గాలి కొట్టిన తర్వాతే. పంపు కొట్టేటప్పుడు రెండో చేత్తో వాల్వును పట్టుకోండి, ఊగిసలాడే గొట్టం వాల్వు మొదలును కదిల్చి కదిల్చి తెంపేస్తుంది.

ట్యూబంతా నీళ్లలో ముంచినా ఒక్క బుడగ కూడా రాలేదనుకోండి. అప్పుడు వాల్వు నోటి మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. బుడగ ఉబ్బితే లీకు అక్కడే. పాతకాలపు రకం వాల్వు పుల్లకు తొడిగే సన్న రబ్బరు గొట్టం ఉంటుంది కదా, వాల్వు ట్యూబు, అది ఎండి పగిలితే పంచరు లేకుండానే గాలి దిగుతుంది. పుల్ల పక్కనున్న బెజ్జం పూర్తిగా కప్పుకునేలా కొత్త ముక్క తొడగండి. మోటారు సైకిలు తరహా వాల్వయితే లోపలి పుల్ల కొంచెం వదులైందేమో బిగించండి.

చీలిక పొడుగ్గా, అంగుళమో రెండంగుళాలో ఉందంటే అది ఢామ్మని పేలిన ట్యూబు. టైరు అంచు రిమ్ములో కూర్చోలేదు, లేదా టైరుకు పెద్ద గాటుంది, లేదా బ్రేకు కట్ట ఎత్తుగా ఉండి టైరు పక్కను రాసి రాసి చిల్లు పెట్టింది. టైరు గాటుకు లోపలి నుంచి పాత టైరు పక్క ముక్క గానీ, గట్టి నేత గుడ్డ గానీ అతికించి కొన్నాళ్లు నడపొచ్చు. టైరు అరిగి లోపలి నూలు పోగులు కనిపిస్తుంటే మాత్రం ఇంక దాన్ని నమ్ముకోవద్దు.

సైజు మాట కూడా చెప్పాలి. 26 అంగుళాల టైర్లన్నీ ఒకటి కావు. 26 × 1.95 అని చుక్కతో రాసినదాని రిమ్ము కొలత 559 మి.మీ., 26 × 1 3/8 అని భిన్నంతో రాసినది 590 మి.మీ. టైరు మీద 47-559, 37-590 లాంటి అంకెలుంటాయి, మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము కొలత. ట్యూబు కొనేటప్పుడు ఆ అంకెలనే చూడండి. చిన్న ట్యూబును పెద్ద టైరులో వేస్తే రబ్బరు సాగి పలచబడుతుంది, అతుకు అంచులు లేస్తాయి. పెద్ద ట్యూబును చిన్న టైరులో కుక్కితే మడత పడుతుంది, ఆ మడత రాసుకుని రాసుకుని చిరుగుతుంది.

ఇక అతుకు. ఇదంతా తెలిసినా అతుకే నిలవకపోతే మళ్లీ మొదటికొస్తాం. ఉప్పుకాగితంతో అతుకు కన్నా వేలెడు ఎక్కువ వెడల్పున రుద్దండి. మెరుపు పోయి నల్లగా, గరుగ్గా కావాలి. ట్యూబు అచ్చులో ఏర్పడ్డ సన్న గట్టు గీత అతుకు కిందికి వస్తే దాన్ని పూర్తిగా అరగదీయండి, లేకపోతే ఆ గీత పక్కనుంచి సొరంగంలా గాలి పోతుంది. పొడి తుడిచి, సొల్యూషన్ పలచగా, సమంగా రాయండి. తర్వాత ఆగాలి. పది మందిలో తొమ్మిది మంది ఇక్కడే తప్పు చేస్తారు. తడి సొల్యూషన్ మీద అతుకు పెడితే దాంట్లోని ద్రావకం కింద చిక్కుకుని పట్టు రాదు. తడి మెరుపు పోయేదాకా సుమారు 5 నిమిషాలు ఆరనివ్వండి. నోటితో ఊదకండి, ఊపిరిలోని తేమ చేరుతుంది. ఆరిందో లేదో చివర ముట్టి చూడండి, నడుమ వేలు పెట్టొద్దు. అతుకు వెనక రేకు తీసి, ఆ వైపు తాకకుండా పెట్టి, నడుమ నుంచి అంచులకు నిమిషంపాటు గట్టిగా ఒత్తండి. పైనున్న పలచటి పొర తీసేటప్పుడు అతుకు అంచు లేస్తుంటే దాన్ని అలాగే వదిలేయండి, దానివల్ల నష్టం లేదు. చుట్టూ మిగిలిన సొల్యూషన్ జిగురు టైరుకు అంటుకోకుండా కాస్త పౌడరు చల్లండి.

ఎక్కించేటప్పుడు ట్యూబుకు గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి ఎక్కించండి. ముందు వాల్వు, తర్వాత చుట్టూ. టైరు అంచును వాల్వుకు ఎదుటి వైపు మొదలుపెట్టి రెండు చేతులతో వాల్వు దగ్గరికి తీసుకురండి. అంచును రిమ్ము నడుమ గుంటలోకి నొక్కుతూ వస్తే చివర వదులు దొరుకుతుంది, టైరు అంచును ఎత్తే లీవరు అవసరం పడదు. ఎక్కించిన వెంటనే గాలి దిగిపోతే, చిల్లు రిమ్ము అంచు వైపు ఉంటే, అది లీవరు చేసిన గాయం. చివరగా వాల్వును లోపలికి ఒకసారి తోసి లాగండి, చుట్టూ రెండు పక్కలా టైరు అంచు కింద ట్యూబు నలగలేదని చూడండి. సగం గాలి కొట్టి ఆగండి. టైరు పక్కన రిమ్ముకు దగ్గరగా ఒక సన్న గీత అచ్చువేసి ఉంటుంది, అది రిమ్ముకు అన్నిచోట్లా ఒకే ఎత్తులో కనిపించాలి. అప్పుడే మిగతా గాలి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: ట్యూబులో పోసే సీలెంటు ద్రవం వాడితే ఈ బాధంతా తప్పుతుంది కదండీ?)

ముళ్ల దారిలో బాగా పనికొస్తుంది. రెండు మిల్లీమీటర్ల లోపు చిల్లుల్ని నడుస్తుండగానే మూసేస్తుంది. నలిగిన చీలికల్ని, వాల్వు మొదట్లో చిరుగుల్ని ఆపలేదు. కొన్ని నెలలకు ఎండిపోతుంది కూడా, అప్పుడు మళ్లీ పోయాలి. స్పోకు కొస పొడుస్తున్న చక్రంలో పోస్తే మాత్రం జబ్బు దాచిపెట్టినట్టే అవుతుంది. ముందు కారణం తీసేయండి, తర్వాత పోయండి.

(ఇంకొకరు: టైరుకీ ట్యూబుకీ మధ్య వేసే ప్లాస్టిక్ పట్టీ వేశాక పంచర్లు ఎక్కువయ్యాయండీ.)

పట్టీ రెండు కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కేచోట చూడండి. కోసిన కొస పదునుగా ఉంటే ట్యూబును అదే రంపంలా కోస్తుంది. కొసల్ని గుండ్రంగా కత్తిరించి, ఉప్పుకాగితంతో మొద్దుబార్చి, ఆ చోట నేత టేపు చుట్టండి. కొత్త టైరు కొనేటప్పుడైతే ముళ్లను ఆపే పొర లోపలే కలిపి చేసిన టైరు తీసుకోవడం నా దృష్టిలో మెరుగు. కాస్త బరువు, తొక్కడానికి కాస్త మొద్దుగా ఉంటుంది, కానీ లోపల జరిగే వస్తువేదీ ఉండదు.

(వెనక వరసలోంచి: ఎండలో పెడితే ట్యూబు పేలిపోతుందని సగమే గాలి కొట్టిస్తున్నామండీ. మంచిదేనా?)

మంచిది కాదండి. లెక్క చూడండి. 50 పీఎస్‌ఐ ఉన్న టైరు 27 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా వేడెక్కినా పెరిగేది సుమారు 7 పీఎస్‌ఐ. బాగున్న టైరు దాన్ని తేలిగ్గా ఓర్చుకుంటుంది. ఎండలో పేలిందంటే అంచు సరిగ్గా కూర్చోలేదు, లేదా టైరు పక్క చిరిగి ఉంది, లేదా ముందే హద్దు దాటి కొట్టారు. సగం గాలితో తిరిగితే ఎండకు పేలడం మాట ఎలా ఉన్నా, మొదటి గుంతలోనే ఇందాక చెప్పిన జంట చిల్లులు పడతాయి. గాలి పూర్తిగా కొట్టించండి. కొట్టించాక చక్రాన్ని ఒకసారి తిప్పి, టైరు పక్కనున్న ఆ సన్న గీత ఎక్కడైనా రిమ్ములోకి మునిగిందేమో, ఎక్కడైనా పైకి లేచిందేమో చూసుకోండి. తేడా కనిపిస్తే గాలి తీసి, ఆ చోట టైరును చేతులతో పిసికి సర్ది, మళ్లీ కొట్టించండి.